చిన్న రైఫిల్‌తో బయల్దేరే ముందు: చేయవలసినవి – చేయకూడనివి

టెక్సస్ పచ్చిక బయళ్ళలో ప్రెయిరీ డాగ్‌లు, కాలిఫోర్నియా బాదం తోటల్లో గ్రౌండ్ స్క్విరల్‌లు, ఇంటి వెనక కూరగాయల మడుల్లో కుందేళ్ళు. అమెరికాలో నాలుగెకరాలు కొనుక్కున్న తెలుగువారికి ఇవి త్వరలోనే పరిచయమవుతాయి. వీటి బెడద పోవాలంటే ఏం చేయాలని అడిగితే ఇరుగుపొరుగు మొదట చెప్పేది .22 రైఫిల్ గురించే. దాని ధర తక్కువ, తూటా చవక, భుజానికి దెబ్బ తగలదు, మోత కూడా తక్కువే. అందుకే దాన్ని బొమ్మలా చూసే అలవాటు తొందరగా వస్తుంది. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

.22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నుంచి వాడుకలో ఉంది. మామూలుగా వాడే గుండు బరువు సుమారు 2.6 గ్రాములు. అది సెకనుకు 1,200 అడుగుల వేగంతో గొట్టం దాటుతుంది. ఉడుతకు తగలకపోతే అక్కడ ఆగదు. గొట్టం కొంచెం పైకి ఎత్తి ఉంటే ఒకటిన్నర మైలు దాకా పోగలదు. గుండు ఎక్కడ ఆగుతుందో తెలియనిదే ట్రిగ్గర్ నొక్కకూడదు. కింది సూచనలన్నీ ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతాయి.

చేయవలసినవి

చట్టం, లైసెన్సు

• తుపాకి కొనే ముందు, అద్దెకు తీసుకునే ముందు, స్నేహితుడిది చేతిలోకి తీసుకునే ముందు మీ వీసా ఏమిటో చూసుకోండి.

• హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, బీ-2 వంటి వలసేతర వీసా మీద ఉంటే ముందుగా ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు తీసుకోండి. ఈ వీసాలవారికి ఫెడరల్ చట్టం తుపాకినీ తూటానూ నిషేధించింది. వేట లైసెన్సు అందులో ఒక మినహాయింపు.

• ఆ లైసెన్సు ముగిసే తేదీని ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. గడువు తీరిన మర్నాడు ఇంట్లో ఉన్న రైఫిలే మీ మీద కేసు కావచ్చు.

• ఉద్యోగం పోయి స్టేటస్ సందేహంలో పడితే వెంటనే ఇమిగ్రేషన్ లాయరును అడగండి. స్టేటస్ లేనివారికి పై మినహాయింపు వర్తించదు.

• వేట శిక్షణ కోర్సు పూర్తి చేయండి. టెక్సస్‌లో వేటాడాలంటే 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి అది తప్పనిసరి. చట్టం అడగకపోయినా చేయండి. మనలో చాలామంది తుపాకి లేని ఇళ్ళలో పెరిగాం, చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు.

• మీరు కాల్చదలచిన జంతువు పేరుతో సహా రాష్ట్ర వన్యప్రాణి శాఖ నియమాలు చదవండి. పంట తినే జంతువైనా లైసెన్సు కావాలా వద్దా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

• కాలిఫోర్నియాలో సీసం లేని తూటాలే వాడండి. 2019 జులై 1 నుంచి అక్కడ వన్యప్రాణుల మీద సీసపు గుండు నిషేధం. గ్రౌండ్ స్క్విరల్‌కూ ఇదే నియమం.

• రాష్ట్రం మారితే చట్టం మళ్ళీ చదవండి. ఇల్లినాయిస్‌లో తుపాకి దగ్గర ఉంచుకోవడానికే రాష్ట్రం ఇచ్చే కార్డు కావాలి. న్యూజెర్సీలో రైఫిల్ కొనడానికి వేరే గుర్తింపు కార్డు కావాలి.

• స్థలం మీదే అయినా ఊరి హద్దు, కౌంటీ నియమం, కాలనీ సంఘం ఒప్పందం కనుక్కోండి.

• స్థలం ఇంకొకరిదైతే అనుమతి కాగితం మీద తీసుకోండి, జేబులో ఉంచుకోండి.

రైఫిల్, తూటా

ఈ రకం తూటాలో మంటపుట్టించే మందు అడుగు మధ్యలో ఉండదు. ఇత్తడి కేసు అడుగున చుట్టూ ఉన్న సన్నటి అంచులో ఉంటుంది. రైఫిల్‌లోని పిన్ను ఆ అంచును నలిపితే తూటా పేలుతుంది. పేలిన తూటాను చేతిలోకి తీసుకుని చూడండి: అంచు మీద ఒకచోట గోటితో నొక్కినట్టు చిన్న గుంట కనిపిస్తుంది. అంచు నలగాలి కాబట్టి కేసు పలుచగా చేస్తారు. పలుచటి కేసు చిట్లితే వేడి వాయువు, ఇత్తడి ముక్కలు వెనక్కి, మీ కళ్ళ వైపు వస్తాయి. కళ్ళద్దాల గురించి కింద ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

• గొట్టం మీద చెక్కిన తూటా పేరూ, పెట్టె మీద అచ్చువేసిన పేరూ అక్షరం అక్షరం పోల్చండి.

• ఒకసారి ఒక్క రకం తూటానే వెంట తీసుకెళ్ళండి. .22 ఎల్‌ఆర్, .22 మేగ్నం, .17 హెచ్‌ఎంఆర్ మూడూ వేరు; ఒకటి ఉండాల్సిన చోట ఇంకొకటి పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు.

• కాల్పులు మొదలుపెట్టే ముందు, తూటాలు లేవని తేల్చుకుని, గొట్టం లోపల వెలుతురు కనిపిస్తుందో లేదో వెనక నుంచి చూడండి.

• వానలో తడిస్తే తూటాలు తీసి, బోల్టు తెరిచి, గొట్టం మూతి కిందికి వంచి నీరు దిగనివ్వండి. ఇంత సన్నటి గొట్టంలో నీటిబొట్టు తనంతట తాను జారదు.

• తూటాలు తీసేటప్పుడు ముందు మేగజీన్ ఊడదీయండి, ఆ తర్వాతే బోల్టు లాగండి. వరస తప్పితే ఒక తూటా బయటికి వచ్చి ఇంకొకటి లోపలికి పోతుంది.

• బోల్టు తెరిచి చాంబర్‌ను కంటితో చూడండి, చిటికెనవేలితో తడమండి. చీకట్లో కన్ను మోసపోతుంది.

• గొట్టం కింద పొడవాటి ట్యూబులో తూటాలు నింపే రైఫిల్ అయితే లోపలి కడ్డీని పూర్తిగా బయటికి లాగి, ట్యూబును వంచి, బోల్టును నాలుగైదుసార్లు ఆడించండి. చివరి తూటా ట్యూబులోనో, దాన్ని పైకెత్తే భాగంలోనో చిక్కుకుని ఉండిపోతుంది.

• మొదటి రైఫిల్‌గా బోల్టు చేత్తో లాగే రకాన్నే ఎంచుకోండి. ఒక్కొక్క తూటాకూ ఒకసారి ఆగి ఆలోచించే వ్యవధి దొరుకుతుంది. ఈ విషయంలో వేగం ఎవరికీ మేలు చేయదు.

• స్కోపు బిగింపు స్క్రూలు ప్రతిసారీ చూసుకోండి, కాగితం మీద గురి సరిచూసుకుని ఆ తర్వాతే పొలంలోకి వెళ్ళండి.

పొలంలో

• గొట్టం మూతి ఎప్పుడూ మనిషి లేని దిక్కుకే ఉంచండి. మీరు తిరిగితే అది కూడా తిరుగుతుందని గుర్తుంచుకోండి.

• ప్రతి తుపాకినీ తూటా ఉన్న తుపాకిగానే చూడండి, ఇప్పుడే మీరే ఖాళీ చేసినదైనా సరే.

• గురి కుదిరి, వెనక ఏముందో తేలేదాకా వేలు ట్రిగ్గర్ మీద కాకుండా పక్కన చెక్క మీద చాపి ఉంచండి.

• జంతువు వెనక మట్టిగట్టు గానీ ఏటవాలు నేల గానీ ఉన్న చోటే కాల్చండి. గడ్డి, పొద, కంచె, చెక్క తలుపు గుండును ఆపవు.

• నేల చదునుగా ఉంటే, ఎత్తైన చోట కూర్చుని కిందికి గురి పెట్టండి; గుండు జంతువు వెనకే నేలలో దిగిపోవాలి.

• బయల్దేరే ముందు ఆ స్థలం మ్యాపు చూడండి. ఇళ్ళు, రోడ్లు, బడులు, పశువుల కొట్టాలు ఏ దిక్కున ఎంత దూరంలో ఉన్నాయో గుర్తు పెట్టుకోండి. ఒకటిన్నర మైలు వలయం గీసి చూడండి.

• ఎవరు ఏ వైపు కాలుస్తారో జట్టులో ముందే పంచుకోండి. మీ వాటా దాటి జంతువు పరుగెత్తితే వదిలేయండి.

• కాల్పులు ఆపమని ఎవరు అరిచినా, పిల్లవాడు అరిచినా, వెంటనే ఆపి బోల్టు తెరవండి.

• నారింజరంగు చొక్కా, టోపీ వేసుకోండి. చట్టం అడగని చోటా వేసుకోండి.

• కళ్ళకు రక్షణ అద్దాలు పెట్టుకోండి. మామూలు పవర్ అద్దాల మీద అవి కూడా పెట్టుకోండి.

• చెవులకు రక్షణ పెట్టుకోండి. మోత చిన్నదిగా అనిపించినా .22 రైఫిల్ శబ్దం 140 డెసిబెల్స్‌కు దగ్గరగా పోతుంది. పోయిన వినికిడి తిరిగి రాదు.

• కంచె దాటే ముందు తూటాలు తీసి, బోల్టు తెరిచి, గొట్టం మూతి మీకు అవతలి దిక్కున ఉండేలా రైఫిల్‌ను నేల మీద నుంచి అటువైపు జార్చండి. ఆ తర్వాత వేరేచోట మీరు దాటండి.

• దూరం కొలిచే పరికరం వాడండి. .22 ఎల్‌ఆర్‌ను 75 గజాల లోపు, బాగా సాధన చేసినవారైతే 100 గజాల లోపు వాడండి. 50 గజాలకు గురి కుదిర్చిన రైఫిల్‌తో 100 గజాల దగ్గర గుండు ఐదారు అంగుళాలు దిగిపోతుంది. గురి అలా తప్పితే జంతువు గాయపడి బొరియలో రోజుల తరబడి చస్తుంది.

• పొడవాటి బూట్లు వేసుకోండి. బొరియల్లో రాటిల్‌స్నేక్‌లు కూడా కాపురముంటాయి.

• పికప్ ట్రక్కును ఎండుగడ్డి మీద ఆపకండి, మట్టి బాట మీద నిలపండి. వేడెక్కిన పొగగొట్టం తగిలి గడ్డి అంటుకుంటుంది.

• తెరిచి ఉన్న గేటును తెరిచే వదలండి, మూసి ఉన్నదాన్ని మూసి వెళ్ళండి. పశువులు రోడ్డెక్కితే ఆ తప్పు మీదే.

తూటా పేలకపోతే

• రైఫిల్‌ను అదే దిక్కున పట్టుకుని కనీసం 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి.

• ఆ తర్వాత ముఖం పక్కకు తిప్పి బోల్టు తెరవండి.

• శబ్దం మామూలుకంటే మెత్తగా, ‘ఫట్’మని మాత్రమే వస్తే అక్కడే ఆపండి. గుండు గొట్టంలో ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనక ఇంకొక గుండు పంపితే గొట్టం ఉబ్బుతుంది, పగలవచ్చు.

• ఇరుక్కున్న గుండును తుపాకి మరమ్మతు తెలిసినవారితోనే తీయించండి.

చచ్చిన జంతువు దగ్గర

• చేతికి తొడుగులు వేసుకున్నాకే ముట్టుకోండి. ప్రెయిరీ డాగ్, గ్రౌండ్ స్క్విరల్ ఒంటి మీది ఫ్లీలు అనే చిన్న పురుగులు ప్లేగు మోస్తాయి. అమెరికా పడమటి రాష్ట్రాల్లో ప్లేగు ఇంకా ఉంది.

• ఒంటికి డీట్ ఉన్న మందు రాసుకోండి, ప్యాంటు అంచులను మేజోళ్ళలోకి దోపండి.

• వెంట కుక్క ఉంటే దానికి ఫ్లీల మందు ముందే వేయించండి.

• కుందేలును కోసేటప్పుడు తొడుగులు తప్పనిసరి అనుకోండి. ట్యులరీమియా అనే జబ్బు చర్మం మీది చిన్న గాటు గుండా ఎక్కుతుంది. మాంసం లోపలి దాకా 74 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలేలా ఉడికించండి.

• గుండు తగిలిన చోటు చుట్టూ మాంసం ధారాళంగా కోసి పారేయండి. కంటికి కనపడని సీసపు రేణువులు అక్కడ చెదిరి ఉంటాయి.

• సీసపు గుండు తగిలిన కళేబరాన్ని భూయజమాని చెప్పిన చోట లోతుగా పాతిపెట్టండి. పైన వదిలితే గద్దలు, డేగలు తిని సీసం విషంతో చస్తాయి.

• వారం పది రోజుల్లో జ్వరం, గజ్జల్లోనో చంకలోనో వాపు కనిపిస్తే ఆసుపత్రికి వెళ్ళండి. ఏ జంతువుల మధ్య తిరిగారో డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. సకాలంలో యాంటీబయాటిక్ పడితే ప్లేగు నయమవుతుంది.

ఇంటికి వచ్చాక

• చేతులూ ముఖమూ సబ్బుతో కడుక్కున్నాకే భోజనానికి కూర్చోండి. గుండులోనే కాదు, చాలా తూటాల అంచు మందులోనూ సీసం ఉంటుంది.

• ఆ బట్టలు విడిగా ఉతకండి, బూట్లు గుమ్మం బయట విప్పండి. పాకే పిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

• జేబులు తిరగేసి చూడండి. ఈ తూటా పసివాడి వేలంత ఉంటుంది. సోఫా సందులో, కారు సీటు కింద, వాషింగ్ మెషీన్‌లో దొరుకుతుంది.

• రైఫిల్‌ను తాళం వేసిన ఉక్కు పెట్టెలో, తూటాలను వేరే తాళం కింద ఉంచండి. తాళంచెవి పిల్లలకు తెలిసిన చోట పెట్టకండి.

• తుపాకి కనిపిస్తే ఏం చేయాలో పిల్లలకు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నేర్పండి: ఆగు, ముట్టుకోకు, బయటికి వెళ్ళు, పెద్దవాళ్ళకు చెప్పు.

చేయకూడనివి

ఎప్పుడూ, ఎక్కడా

• “చిన్న తుపాకే కదా” అనకండి. మనుషులను చంపడానికి ఈ గుండు చాలు.

• సేఫ్టీ మీటను నమ్ముకుని గొట్టాన్ని ఎవరి వైపూ తిప్పకండి. అది ఒక ఇనుప ముక్క, అరిగిపోతుంది, జారిపోతుంది.

• దూరంగా కదిలేది ఏమిటో చూడటానికి రైఫిల్ మీది స్కోపు వాడకండి. స్కోపు ఎటు చూస్తే గొట్టం అటే చూస్తుంది. అవతల ఉన్నది పక్క పొలం రైతు కావచ్చు.

• ఆకాశం అంచున, గట్టు కొన మీద నిలబడ్డ జంతువును కాల్చకండి. దాని వెనక గుండును ఆపేది ఏదీ లేదు.

• నీటి మీద, రాతి మీద, గట్టిపడ్డ నేల మీద, ఇనుప వస్తువు మీద కాల్చకండి. చెరువు మీద తగిలిన .22 గుండు మునగదు. చదునైన రాయి విసిరినట్టు ఎగిరి, ‘ఝుయ్’మంటూ దిక్కు మార్చుకుని పోతుంది. ఎటు పోయిందో మీరు చూడలేరు.

• .17 గుండ్లు తగలగానే ముక్కలవుతాయని ధీమా పడకండి. ఎగిరిపడటం తగ్గుతుందే తప్ప పోదు.

• చెట్టు మీది ఉడుతను, తీగ మీది పక్షిని పైకి గురిపెట్టి కాల్చకండి.

• రోడ్డు మీద నుంచి, రోడ్డు అంచు నుంచి, నడుస్తున్న బండిలో నుంచి కాల్చకండి. టెక్సస్‌లో ప్రభుత్వ రోడ్డు నుంచి వేట నేరం.

• దీపావళికి, పెళ్ళి ఊరేగింపుకు, కొత్త సంవత్సరానికి గాలిలోకి కాల్చకండి. పైకి పోయిన గుండు ఎవరి పెరట్లో దిగుతుందో తెలియదు.

• మద్యం తాగి తుపాకి ముట్టుకోకండి, తాగినవాడికి ఇవ్వకండి. ఒక్క బీరైనా కాల్పులు అయి, రైఫిల్ తాళంలో పడ్డాకే.

• గంజాయి వాడేవారు తుపాకి దగ్గర ఉంచుకోకండి. మీ రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు.

• అలసిపోయి, ఎండకు తల తిరుగుతూ ఉన్నప్పుడు ఇంకొక్కటి అంటూ కూర్చోకండి.

తూటాల విషయంలో

• .22 మేగ్నం రైఫిల్‌లో .22 ఎల్‌ఆర్ తూటా పెట్టకండి. లోపలికి వదులుగా పోతుంది, పేలినప్పుడు కేసు చిట్లుతుంది.

• .17 తూటాను .22 రైఫిల్‌లో పెట్టి చూడకండి, ప్రయోగంగా కూడా.

• అంచు నలిగిన, వంగిన, పచ్చగా చిలుము పట్టిన తూటా వాడకండి.

• చాంబర్‌లో ఇరుక్కున్న తూటాను కత్తితో, స్క్రూడ్రైవర్‌తో, పటకారుతో పొడవకండి. మందు ఉన్నది సరిగ్గా ఆ అంచులోనే.

• పేలని తూటాను చెత్తబుట్టలోనో, మంటలోనో, గడ్డిలోనో వేయకండి. మూతపెట్టిన డబ్బాలో దాచి కాల్పుల మైదానంవారికి అప్పగించండి.

• బోల్టు సగమే మూసుకున్నట్టు అనిపిస్తే ట్రిగ్గర్ నొక్కకండి.

• తయారీదారు పుస్తకంలో ఫర్వాలేదని రాసి ఉంటే తప్ప ఖాళీ రైఫిల్ ట్రిగ్గర్ నొక్కి ఆడుకోకండి. పిన్ను చాంబర్ అంచును కొట్టి సొట్ట చేస్తుంది, ఆ తర్వాత తూటాలు సరిగ్గా పేలవు, బయటికి రావు.

• మోత తగ్గించే గొట్టం ఇంట్లో తయారు చేయకండి. నమోదు లేని సైలెన్సర్ ఫెడరల్ నేరం.

• పేలే టార్గెట్లు ఎండుగడ్డి మధ్య పెట్టకండి.

కాల్చకూడని ప్రాణులు

పంట పాడుచేసే జంతువును ఆపే హక్కు రైతుకు ఉంది. ఆ బొరియల్లో ఆశ్రయం పొందినవన్నీ మన శత్రువులు కావు. ఇక్కడ తొందరపడితే చట్టమే కాదు, ఒక జాతే దెబ్బతింటుంది.

• బొరియ గుమ్మం మీద నిలబడ్డ ప్రతిదాన్నీ ప్రెయిరీ డాగ్ అనుకోకండి. అదే బొరియల్లో ఒక చిన్న గుడ్లగూబ కాపురముంటుంది. పగటి పూటే బయట పొడవాటి కాళ్ళ మీద నిలబడి తల పైకీ కిందికీ ఊపుతుంది. 1918 నాటి వలస పక్షుల చట్టం దాన్ని కాపాడుతుంది.

• నల్లకాళ్ళ ఫెరెట్ ఉన్న ప్రాంతంలో ఏ కాలనీ మీదా వన్యప్రాణి శాఖను అడగకుండా కాల్చకండి. అంతరించిపోయిందనుకున్న ఈ జంతువు 1981లో వయోమింగ్‌లో మళ్ళీ కనిపించింది. దాని తిండి ప్రెయిరీ డాగే.

• యూటా ప్రెయిరీ డాగ్‌ను ముట్టుకోకండి. అది ఫెడరల్ రక్షణలో ఉన్న జాతి.

• పేరు గట్టిగా చెప్పలేని జంతువును కాల్చకండి. కాలిఫోర్నియాలో తెల్లచార ఉన్న యాంటిలోప్ స్క్విరల్‌లలో శాన్ వాకీన్ లోయ రకానికి రాష్ట్ర రక్షణ ఉంది; మామూలు గ్రౌండ్ స్క్విరల్ అని పొరపడటం తేలిక.

• నక్కను, జింకను, అడవి పందిని ఈ రైఫిల్‌తో కొట్టకండి. వెంటనే చావకుండా గాయంతో తిరుగుతాయి.

• జంతువులు గుంపులుగా చచ్చి పడి ఉన్న కాలనీలో అడుగు పెట్టకండి. అది ప్లేగు లక్షణం. కౌంటీ ఆరోగ్య శాఖకు చెప్పి వెనుదిరగండి.

• బొరియలో చెయ్యి పెట్టకండి, పిల్లలను పెట్టనివ్వకండి.

పిల్లలు, చుట్టాలు, స్నేహితులు

• ఇండియా నుంచి వచ్చిన నాన్నగారికి, మామగారికి, బావమరిదికి ఫోటో కోసమైనా రైఫిల్ అందించకండి. సందర్శక వీసా మీద ఉన్నవారు ఒక్క నిమిషం పట్టుకున్నా చట్టం దృష్టిలో అది తుపాకి కలిగి ఉండటమే కావచ్చు. ఆ ఫోటో వాట్సాప్‌లో తిరుగుతూ సాక్ష్యంగా మిగులుతుంది.

• కాల్పుల మైదానంలో అద్దె తుపాకికి ఈ చట్టం వర్తించదనుకోకండి.

• కొనే అర్హత లేని స్నేహితుడి కోసం మీ పేరు మీద కొనకండి. దుకాణంలో సంతకం పెట్టే ఫారంలో అసలు కొనుగోలుదారు మీరేనా అని అడుగుతారు. అబద్ధం ఫెడరల్ నేరం.

• గ్రీన్ కార్డు ఉంది కదా అని అజాగ్రత్తగా ఉండకండి. తుపాకి నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయవచ్చు.

• టెక్సస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి అందే చోట తూటాలున్న తుపాకి వదలకండి. అది నేరం, నేరం కాకపోయినా వదలకండి.

• కొడుకు పట్టుబట్టాడని ఒంటరిగా పంపకండి. పక్కన పెద్దవారు ఉండాలి, ఆ పెద్దవారి చేతిలో ఇంకొక తుపాకి ఉండకూడదు.

• ఇంట్లో ఎవరైనా కుంగిపోయి ఉంటే, చావు మాటలు మాట్లాడుతుంటే, రైఫిల్‌ను ఒక్కరాత్రి కూడా ఇంట్లో ఉంచకండి. చట్టం ఒప్పుకునే చోట దుకాణంలోనో, నమ్మకమైన బంధువు దగ్గరో భద్రపరచండి. అమెరికాలో 988కి ఫోన్ చేయండి.

ప్రయాణంలో

• తూటాలు నింపిన రైఫిల్‌ను బండిలో పెట్టుకుని తిరగకండి. ఖాళీ చేసి, పెట్టెలో పెట్టి తాళం వేసి, డ్రైవరుకు అందని చోట ఉంచండి.

• బండి వెనక నుంచి గొట్టం పట్టుకుని రైఫిల్‌ను మీ వైపు లాక్కోకండి.

• విమానంలో చేతిసంచిలో తుపాకి గానీ తూటా గానీ తీసుకెళ్ళకండి. గట్టి పెట్టెలో తాళం వేసి, ఖాళీ రైఫిల్‌ను చెక్-ఇన్ కౌంటర్‌లో చెప్పి అప్పగించండి.

• మైదానానికి తీసుకెళ్ళిన సంచీని విమాన ప్రయాణానికి వాడకండి. ఈ అలవాటు ఒక్కటి మానుకుంటే చాలా కుటుంబాలకు పోలీస్ స్టేషన్ మెట్లు తప్పుతాయి.

ఇండియాలో

• అమెరికాలో చేసింది మన ఊళ్ళో చేయకండి. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. కుందేలును కొట్టడం కూడా నేరం.

• లైసెన్సు అక్కర్లేని ఎయిర్‌గన్‌తో కొట్టాను కదా అని వాదించకండి. ఏ ఆయుధంతో చంపినా వేట వేటే.

• అడవి పందులు చేను తిన్నాయని ఎవరో తెచ్చిన నాటుతుపాకి పట్టకండి, విద్యుత్ తీగ వేయకండి. ఆ తీగలకు మనుషులూ బలవుతున్నారు. పంట నష్టం గురించి అటవీ శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

• పెళ్ళిలో సరదాకు కాల్చకండి. 2019లో సవరించిన ఆయుధాల చట్టం కింద ప్రాణాపాయం కలిగేలా అలా కాల్చినవారికి రెండేళ్ళ వరకు జైలు పడవచ్చు.

• .22 మీద ఆసక్తి ఉంటే వేట కోసం చూడకండి, రైఫిల్ క్లబ్బులో చేరండి. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీ ఈ తూటాతోనే జరుగుతుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ పెరిగింది హైదరాబాదులోనే.

• స్కోపులు, తుపాకి విడిభాగాలు చుట్టాలకు కానుకగా మోసుకెళ్ళకండి. అమెరికా ఎగుమతి నియంత్రణ చట్టాలు వాటికీ వర్తిస్తాయి.

• ఖాళీ కేసును, తూటా లాకెట్టును కూడా సామానులో పెట్టుకోకండి. శంషాబాద్‌లో దిగాక అది ఖాళీదని నిరూపించే బరువు మీ మీద పడుతుంది. సంచి జిప్పులన్నీ తెరిచి, లైనింగ్ చిరుగుల్లో వేలు పెట్టి తడమనిదే విమానాశ్రయానికి బయల్దేరకండి.